జమయు, ఖర్చును: దేశోద్ధారక నాగేశ్వరరావు పంతులుగారు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఏదైన వ్రాయుమని కార్యవర్గమువారు అడిగినప్పుడు, ఊరి లెక్కలు వ్రాయుచు తల నెరసిన నాకు జమాఖర్చులే తోచినవి. ధనమునకు దానము, భోగము, నాశము అని మూడు గతులను పెద్దలు చెప్పియున్నారు. వానిలో దానము ఉత్తమమని అందరు నెరుగుదురు. కాని ఇచ్చెడి చేయి ఎండిపోకుండ ఇచ్చుట యెట్లో ఎరిగినవారు అరుదు. అట్టివారిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అగ్రగణ్యులు. ఆయన చిట్టాను ఒకపరి విప్పి చూతము.

పంతులుగారు 1867 మే 1న కృష్ణా మండలములోని యలకుర్రు గ్రామమున జన్మించిరి. బందరులో చదివి, మదరాసు క్రైస్తవ కళాశాలలో 1891లో పట్టభద్రులైరి. ఆ రోజులలో పట్టా పుచ్చుకొన్నవానికి సర్కారు కొలువే స్వర్గము. ఆయన ఆ త్రోవ పట్టక కలకత్తాకును, పిమ్మట బొంబాయికిని పోయి వ్యాపారపు మెలకువలు నేర్చుకొనిరి. 1893లో బొంబాయి నగరమున అమృతాంజనమను తలనొప్పి లేపనమును తయారుచేసి అమ్మకమునకు పెట్టిరి.

కొత్త సరకును ఎవరు కొందురు? అందుకాయన సంగీతసభలకు వచ్చినవారికి ఆ మందును ఉచితముగా పంచిపెట్టించెడివారని చెప్పుదురు. తల నొచ్చినవాడు ఒకసారి రాసికొని సుఖపడినచో, రెండవసారి తానే అంగడికి పోవును. చిన్న సీసా, కొద్ది వెల, వేలకొలది గిరాకి. లక్షాధికారి యొకడు కొనెడి వస్తువుకాక, లక్షమంది కొనెడి వస్తువు నమ్ముటయే ఆ వర్తకమునకు మూలబలము.

అంతటితో ఆగినచో ఆయన ఒక ధనికుడుగా మాత్రమే మిగిలియుండెడివారు. 1907లో సూరత్తు కాంగ్రెసునకు పోయివచ్చిన పిదప, తెలుగువారికి దేశవృత్తాంతములు తెలుపు పత్రిక యుండవలెనని సంకల్పించి, 1908లో బొంబాయినుండియే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి. తెలుగుదేశమునకు ఎంతో దూరమున తెలుగు పత్రిక పుట్టుట విశేషమే కదా! 1914 ఏప్రిలులో అది మదరాసున దినపత్రికయైనది. ఆ నెలలోనే బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రథమ మహాసభ జరిగినది. చదువదగిన పత్రికయు, చదువుకొనుటకు చోటును ఒకే మాసమున తెలుగువానికి సమకూడినవి. గ్రంథాలయోద్యమమునకు పంతులుగారు తుదివరకు అండగా నిలిచిరి.

ఆయన బడిపంతులు కారు, బెత్తము పట్టలేదు. అయినను ఆయన చెప్పిన పాఠమును విన్నవారెందరో! 1924లో భారతి మాసపత్రికను స్థాపించి పండితులకును యువరచయితలకును ఒకే వేదిక నిచ్చిరి. 1926లో ఆంధ్రగ్రంథమాలను నెలకొల్పి, పాల్కురికి సోమనాథుని బసవపురాణము వంటి ప్రాచీన గ్రంథములను సామాన్యునికి అందునట్లు అచ్చొత్తించిరి. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆరంభించిన ఆంధ్ర విజ్ఞానసర్వస్వము మూడు సంపుటములు వెలువడి, 1923లో వారి నిర్యాణముతో నిలిచిపోగా, ఆ భారమును తిరిగి తలకెత్తుకొన్నవారును పంతులుగారే. లాభము రాదని తెలిసియు చేపట్టిన పనులివి. లేపనపు సీసా సంపాదించినది, పుస్తకము ఖర్చుపెట్టినది.

రాజకీయములలోను ఆయన తీరిదియే. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు అధ్యక్షులై, 1930లో ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకు పోయి, అచ్చట భగవద్గీతకు వ్యాఖ్య వ్రాసిరి. ప్రజలు దేశోద్ధారకుడనిరి, గాంధీమహాత్ముడు విశ్వదాత యనెను. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుద మిచ్చి గౌరవించినది. 1937 నవంబరు 16న మదరాసులోని ఆయన గృహమైన శ్రీబాగులో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుండి ఒడంబడిక వ్రాసికొనిరి. నదీజలములలో పది సంవత్సరములపాటు రాయలసీమకును నెల్లూరునకును ప్రాధాన్య మీయవలెననియు, రాజధానియు ఉన్నతన్యాయస్థానమును ఒకేచోట నుండరాదనియు అందలి షరతులు. కలిగినవాడు మునుముందు లేనివానికి పంచిపెట్టవలెననుటయే వాని సారము. ఐదునెలలకే, 1938 ఏప్రిల్ 11న, పంతులుగారు కీర్తిశేషులైరి. ఆయన కోరిన ఆంధ్రరాష్ట్రము 1953లో అవతరించినది.

ఇక నిలువ చూతము. ఆంధ్రపత్రిక 1991లో నిలిచిపోయినది. అమృతాంజనము మాత్రము నేటికిని అంగడిలో దొరకుచున్నది. దీనిని చూచి, అక్షరము ఓడినది, వర్తకము గెలిచినదని ఎవరైన అనవచ్చును. లెక్కలవాడనైన నేను అట్లనను. ఎనుబదియేండ్లకు పైగా నడచిన పత్రిక ఎందరికి కన్ను తెరిపించెనో ఏ చిట్టాలో వ్రాయగలము? తాను స్థాపించిన కంపెనీని 1936లో పరిమిత సంస్థగా మార్చి, తన తరువాతను నడచునట్లు పంతులుగారు చేసిరి. పాడియావును అమ్మి ఒకనాడు పాలు పోయించిన దాత కారాయన. ఆవును మేపుచు ఏండ్ల తరబడి పాలు పోసినవారు.

ఇచ్చట నా తప్పొకటి ఒప్పుకొనవలెను. ఈ గ్రంథాలయపు పద్దులు నేను వ్రాసిన కాలమున, ఎవరైన బీరువా ఇచ్చినను, నూరు పుస్తకములిచ్చినను సంతోషముతో జమ వ్రాసికొంటిని; దాత పేరు గోడమీద వ్రాయించితిని. ఆ పుస్తకములకు అట్టలు కట్టించుటకును, చెదలు పట్టకుండ చూచుటకును ఏటేటా ఎంత కావలెనో ఒక పద్దు తెరువలేదు. ఒక వానకాలమున పై అరలోని భారత పర్వములు చెదల పాలైనవి. తరువాత నేను సిగ్గుపడినను పుస్తకములు తిరిగి రాలేదు.

కావున చందాదారులారా! ఈ ఉత్సవమున వచ్చు పెద్ద విరాళములను శిరసా వహింతము. కాని ఇరువదియైదేండ్లు ఈ తలుపు తెరచియుంచినది మీరు నెలనెల ఇచ్చిన చిన్న చందాయేయని మరువకుడు. లక్షమంది కొన్న చిన్న సీసాయే తెలుగుజాతికి విజ్ఞానసర్వస్వము నిచ్చినది. ఈనెల చందా ఇంకను బాకీయున్నవారు, ఉత్సవము ముగియకమునుపే గుమాస్తాయొద్ద చెల్లించి రసీదు పుచ్చుకొందురుగాక.