అతుకు లేని బంపర్

1967 జనవరి. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, మొక్కజొన్న చేల నడుమ షాంపేన్ అనే ఊరు. రోడ్లు, ఇళ్ల కప్పులు, కోసేసిన చేలు, అన్నీ మంచు కింద ఉన్నాయి. పదహారేళ్ల కుర్రాడొకడు పెట్టె మోసుకుంటూ మీ ముందు నడుస్తున్నాడు. పేరు షాహిద్ ఖాన్. లాహోర్ నుంచి ఇంజినీరింగ్ చదవడానికి వచ్చాడు. అక్కడ తండ్రి సర్వే పరికరాలు అమ్ముతారు, తల్లి లెక్కలు చెప్పే ప్రొఫెసర్. కుర్రాడి జేబులో 500 డాలర్లున్నాయి.

ఆ రాత్రి వైఎంసీఏలో గది అద్దె రెండు డాలర్లు. అంత సొమ్ము ఒక్క నిద్రకే పోయిందే అని ప్రాణం ఉసూరుమంటుంది. అంతలోనే గిన్నెలు కడిగే పని దొరుకుతుంది. వేడి ఆవిరి, ఎంగిలి ప్లేట్ల వాసన, మోచేతుల దాకా సబ్బు నురగ. కూలి గంటకు 1.20 డాలర్లు. రెండు గంటలు కడిగితే గది అద్దె వెనక్కి వచ్చేసి, ఇంకా చిల్లర మిగులుతుంది. ఎవరినీ అడగక్కర్లేకుండా తన చేతులతో తాను బతకగలనని తెలిసిన ఆ క్షణాన్ని ఖాన్ తర్వాత ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు. సంపన్నుల జీవితకథల్లో ఇలాంటి ఘట్టానికి మెరుగు పెట్టడం మామూలే. కానీ దీనికి మెరుగు అక్కర్లేదు. ఎంగిలి ప్లేట్లు చాలు.

ఇప్పుడు పక్క ఊరు అర్బానాకు రండి. ఫ్లెక్స్-ఎన్-గేట్ అనే చిన్న కంపెనీ. పికప్ ట్రక్కులకు బంపర్లు చేస్తుంది. చదువుకుంటూనే ఖాన్ ఇక్కడ పనికి కుదిరాడు. 1971లో డిగ్రీ చేతికొచ్చాక ఇంజినీరింగ్ విభాగమంతా ఆయనకే అప్పగించారు. వెల్డింగ్ నిప్పురవ్వల దగ్గర కాసేపు నిలబడి ఒక బంపర్‌ను పరీక్షగా చూడండి. పెద్ద పట్టీ, దాని చివర్లు, బ్రాకెట్లు, మూలల్లో ముక్కలు. ఒక్కో బంపర్‌లో పదిహేను దాకా ముక్కలు. ప్రతి అతుకు దగ్గరా ఒక మనిషి, ఒక వెల్డు, కొంత అదనపు బరువు. నాలుగు వానలు పడితే తుప్పు మొదలయ్యేది కూడా ఆ అతుకు దగ్గరే.

ఖాన్‌కు తట్టిన ఆలోచన వింటే ఇంతేనా అనిపిస్తుంది. ఒకే ఉక్కు రేకును ప్రెస్ కింద పెట్టి, ఒకే బంపర్‌గా ఒత్తేయడం. అతుకు లేదు, బరువు తగ్గింది, చూడ్డానికీ నున్నగా ఉంది. మైలేజీ కోసం వాహనాల బరువు తగ్గించక తప్పని రోజులు మరి. 1978లో 50 వేల డాలర్ల ప్రభుత్వ పూచీ రుణానికి తన పొదుపు కలిపి బంపర్ వర్క్స్ పెట్టాడు. పాత యజమాని వ్యాపార రహస్యాలు ఎత్తుకుపోయాడంటూ కోర్టుకెక్కాడు. ఏళ్లు నడిచిన ఆ కేసులో ఖాన్ గెలిచాడు. ఈలోగా 1980లో, ఒకప్పుడు జీతం తీసుకున్న ఫ్లెక్స్-ఎన్-గేట్‌నే కొనేశాడు.

ఆయన డబ్బు ఎక్కడ పుట్టిందో చూడాలంటే ఆయన తర్వాత కొన్న జట్టు స్టేడియంకి కాదు, 1990లో డాన్‌విల్‌లోని బంపర్ వర్క్స్ ప్లాంటుకి వెళ్లాలి. వంద మంది పనిచేసే చోటు. ప్రెస్ పడ్డప్పుడల్లా కాళ్ల కింద నేల అదురుతోంది. అప్పటికి టయోటా ట్రక్కుల బంపర్లు ఇక్కడి నుంచే వెళ్తున్నాయి. ధర తగ్గించాలని టయోటా అడిగింది. ఖాన్ వల్ల కాలేదు. టయోటా కాంట్రాక్టు రద్దు చేయలేదు. తన మనుషుల్ని పంపింది.

వాళ్లు ముందు గడియారం చూశారు. ఒక రకం బంపర్ నుంచి ఇంకో రకానికి మారాలంటే ప్రెస్‌లో డై, అంటే అచ్చు, మార్చాలి. దానికి 90 నిమిషాలు పడుతోంది. గంటన్నర ప్రెస్ ఊరికే ఉంటుంది కాబట్టి, ఒకసారి డై ఎక్కించాక వందలకొద్దీ ఒకే రకం ఒత్తేసి గోడ పొడవునా పేర్చేస్తారు. ఆ గుట్టల్లో సొమ్ము ఇరుక్కుపోతుంది. ఒక వంకర బంపర్ వచ్చిందంటే, ఆ సంగతి బయటపడేసరికి దాని వెనక వంద వంకరవి తయారై ఉంటాయి. చూస్తూ ఉండండి. తర్వాతి డైని ముందే తెచ్చి ప్రెస్ పక్కన పెడుతున్నారు. పనిముట్ల కోసం వెతుకులాట పోయింది. నెలల తరబడి ఇదే సాధన. 90 నిమిషాలు 22కి దిగింది. గుట్టలు కరిగాయి, లోపాలు తగ్గాయి. నన్నడిగితే షాహిద్ ఖాన్ ఆస్తికి పునాది ఈ 68 నిమిషాలు. నేడు ఫ్లెక్స్-ఎన్-గేట్‌లో పాతిక వేల మందికి పైగా పనిచేస్తున్నారు, ఖాన్ సంపద వెయ్యి కోట్ల డాలర్లు దాటింది.

ఈ పునాదికి ఇంకోవైపు కూడా ఉంది. కార్మికుల ఆరోగ్యానికి సంబంధించిన ఉల్లంఘనలకు గాను 2012లో అర్బానా ప్లాంటుకు అమెరికా కార్మిక భద్రతా సంస్థ 57 వేల డాలర్ల జరిమానా వేసింది. గిన్నెలు కడిగి పైకొచ్చిన మనిషి ఫ్యాక్టరీ గురించి ఇలాంటిది వినాల్సి రావడం బాధగా ఉంటుంది. ఆయన కథ చెప్పేవాళ్లు ఇది కూడా చెప్పాలి.

బంపర్ల డబ్బుతో సెయింట్ లూయిస్ ర్యామ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టును కొనబోయి భంగపడిన ఖాన్, 2011 చివర్లో ఫ్లోరిడాకు చెందిన జాక్సన్‌విల్ జాగ్వార్స్‌ను సుమారు 76 కోట్ల డాలర్లకు తీసుకున్నారు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అల్పసంఖ్యాక వర్గం నుంచి జట్టు యజమాని అయిన మొదటివాడు ఆయనే. మెలితిప్పిన ఆ పెద్ద మీసం దేశమంతా తెలిసిపోయింది. 2013లో లండన్‌లోని ఫుల్‌హామ్ సాకర్ క్లబ్బూ ఆయన చేతికొచ్చింది, ఏడాది తిరక్కుండానే ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి జారింది. పైకెక్కడం, మళ్లీ జారడం, మళ్లీ ఎక్కడం. అతుకులు తీసేస్తే సరిపోయే పని కాదిది. ఇక్కడ ముక్కలన్నీ మనుషులు.

2022 జనవరి 9. జాక్సన్‌విల్ స్టేడియంలో మీ చుట్టూ జోకర్లు! ఎర్ర ముక్కులు, రంగు విగ్గులు, కొందరికి ఖాన్ మీసం. అంతకుముందు ఏడాది ఒక్క మ్యాచ్ గెలిచి పదిహేను ఓడారు. ఈ ఏడాదీ గెలిచింది రెండే. కొత్తగా తెచ్చిన పేరున్న కోచ్‌ను సీజన్ మధ్యలోనే పంపేశారు. జనరల్ మేనేజర్‌ను మాత్రం ఖాన్ కదపలేదు. అభిమానులు టికెట్ కొనుక్కుని మరీ జోకర్ వేషాల్లో వచ్చి కోపం చూపిస్తున్నారు. చిత్రంగా ఆ రోజు జాగ్వార్స్ 26-11తో గెలిచింది.

అదే స్టేడియం, 2023 జనవరి 14, శనివారం రాత్రి. ప్లేఆఫ్ మ్యాచ్. ఎదుట లాస్ ఏంజెలెస్ చార్జర్స్. జాగ్వార్స్ కుర్ర క్వార్టర్‌బ్యాక్ ట్రెవర్ లారెన్స్ బంతి విసురుతాడు, చార్జర్స్ ఆటగాడు లాక్కుంటాడు. ఇంకోటి విసురుతాడు, అదీ పోతుంది. సగం ఆట అవకముందే నాలుగు. స్కోరు 0-27. మీ ముందు వరసలో ఒకాయన తల పట్టుకుని కూర్చున్నాడు. హాఫ్‌టైమ్‌కి కాస్త ముందు ఒక టచ్‌డౌన్, 7-27. ఎవరూ పెద్దగా కేక వేయలేదు. రెండో సగంలో ఒకటి, మరొకటి. తల పట్టుకున్నాయన లేచి నిలబడ్డాడు. 20-30. ఇంకో టచ్‌డౌన్, దానిపై అదనంగా రెండు పాయింట్ల కోసం లారెన్స్ తానే బంతితో గుంపు మీదుగా చెయ్యి చాచాడు. 28-30. చివరి క్షణాల్లో 36 గజాల దూరం నుంచి రైలీ ప్యాటర్సన్ తన్నిన బంతి గాల్లో వంపు తిరుగుతూ కర్రల మధ్యకు దూరింది. 31-30. పక్కవాళ్లెవరో మిమ్మల్ని గట్టిగా వాటేసుకున్నారు. మీకు వాళ్లెవరో తెలియదు.

ఈ కౌగిలింతల మీదే జట్టు విలువ నిలబడి ఉంది. 76 కోట్లకు కొన్న జట్టు నేడు 400 కోట్ల డాలర్ల పైమాటే. 2024 జూన్‌లో జాక్సన్‌విల్ నగర మండలి స్టేడియం పునర్నిర్మాణానికి ఒప్పుకుంది. ఖర్చు 140 కోట్ల డాలర్లు. అందులో నగరం వాటా 77.5 కోట్లు, జట్టు వాటా 62.5 కోట్లు. అంచనా మించితే ఆ భారం జట్టుదే. బదులుగా జట్టు మరో ముప్ఫై ఏళ్లు ఊళ్లోనే ఉంటుంది. వెయ్యి కోట్ల ఆసామి ఆటస్థలానికి సగం కన్నా ఎక్కువ డబ్బు ఊరి పన్నుల్లోంచి పోవడం నాకు న్యాయంగా తోచదు. జట్టు వేరే ఊరికి వెళ్లిపోతుందన్న భయం అమెరికాలో ఎన్నో నగరాల చేత ఇలాగే సంతకం పెట్టించింది. ఆ భయం వల్ల లాభపడిన వాళ్లలో ఖాన్ ఒక్కరే లేరు, కానీ ఆయనా ఉన్నారు.

పనులు మొదలయ్యాయి. 2028 సీజన్‌కి కొత్త స్టేడియం తయారవ్వాలి. 2027లో జట్టు తన హోమ్ మ్యాచ్‌లను ఓర్లాండోలో ఆడుతుంది. ఆ ఏడాది తమ జట్టును చూడాలంటే జోకర్ వేషం వేసినవాళ్లూ, ఆ రాత్రి మిమ్మల్ని వాటేసుకున్నవాళ్లూ కారెక్కి రెండొందల కిలోమీటర్ల పైన వెళ్లాలి, రాత్రి మళ్లీ అంత దూరం తిరిగి రావాలి.