దేవరకొండ పొలిమేర: ఒక జిల్లా, రెండు మిషనులు

హైదరాబాదు నుండి నాగార్జునసాగర్ వెళ్ళే రోడ్డు మీద మల్లేపల్లి దగ్గర మలుపు తిరిగితే దేవరకొండ వస్తుంది. కొండల మీద రేచర్ల పద్మనాయకుల నాటి కోట గోడలు, కొండ కింద చిన్న పట్టణం. చుట్టూ గుట్టలు, చెలకలు, లంబాడి తండాలు. దక్షిణానికి పోయే కొద్దీ నేల ఎత్తుపల్లాలై నల్లమల మొదలవుతుంది, ఆ తరువాత కృష్ణా నది. నిజాం కాలంలో నది ఇవతలి ఒడ్డు హైదరాబాదు రాజ్యం, అవతలి ఒడ్డు ఇంగ్లీషు వారి మద్రాసు రాష్ట్రం. ఆ విధంగా దేవరకొండ చాలా కాలం సరిహద్దు తాలూకాగానే ఉన్నది. అయితే ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఆ సరిహద్దు గురించి కాదు. సర్వే పటాలలో కనిపించని మరొక పొలిమేర గురించి.

సంఘ చరిత్ర తరగతిలో ప్రతి విద్యార్థీ తన సొంత సంఘం పుట్టుక మీద ఒక వ్యాసం వ్రాయవలసి ఉంటుంది. కొన్నేళ్ళ క్రితం దేవరకొండ తాలూకాకు చెందిన ఒక విద్యార్థి తన వ్యాసంతో పాటు ఒక ప్రశ్న కూడా తెచ్చాడు. "అయ్యగారూ, మా ఊరి సంఘం మెన్నోనైట్ బ్రదరన్. మా అమ్మగారి ఊరు మూడు కోసుల దూరం, అక్కడ బాప్టిస్టు. రెండు చోట్లా మా చుట్టాలే, రెండు చోట్లా ముంచే బాప్తిస్మమే. మరి రెండు సంఘాలు ఎందుకు?" నేను అప్పటికప్పుడు ఏదో సమాధానం చెప్పి పంపించాను గాని, అది నాకే తృప్తినివ్వలేదు. ఆ వేసవిలో అతనితో కలిసి వాళ్ళ ఊరికి వెళ్ళాను.

ఈ కథ దేవరకొండలో మొదలు కాలేదు, నల్గొండలో కూడా కాలేదు. 1525 జనవరిలో జ్యూరిక్ నగరంలో కొందరు విశ్వాసులు శిశు బాప్తిస్మమును కాదని ఒకరికొకరు బాప్తిస్మమిచ్చుకున్నారు. అనబాప్టిస్టులని పిలువబడిన ఈ ఉద్యమంలోనికి 1536లో నెదర్లాండ్స్‌కు చెందిన మెన్నో సైమన్స్ అనే కతోలిక గురువు వచ్చాడు. ఆయన అనుచరులకే మెన్నోనైట్లని పేరు. హింసకు తాళలేక వారు మొదట విస్తులా నది లంకలకు, 1789 నుండి రష్యా సామ్రాజ్యపు దక్షిణ మైదానాలకు (నేటి ఉక్రెయిన్) వలస వెళ్ళారు. కత్తి పట్టకపోవడం వారి మతంలో ఒక భాగం. అందువల్లనే రాజులు మారినప్పుడల్లా వారు మూటలు కట్టవలసి వచ్చింది. వందేళ్ళు రష్యాలో ఉన్నా ఇంట్లోను గుడిలోను జర్మను భాషే మాట్లాడారు, లూథరు బైబిలే చదివారు. 1845లో దక్షిణ జర్మనీలోని వుర్టెంబర్గ్ నుండి వచ్చిన ఎడ్వర్డ్ వుస్ట్ అనే పాస్టరు బోధ వలన వారిలో ఉజ్జీవం కలిగింది. దాని ఫలితంగా 1860 జనవరిలో మెన్నోనైట్ బ్రదరన్ అనే కొత్త సంఘం ఏర్పడింది. వీరు ముంచే బాప్తిస్మమును స్వీకరించారు. హాంబర్గ్ బాప్టిస్టులతో వీరికి స్నేహం కలిసింది ఇక్కడే.

ఆ స్నేహమే వారిని నల్గొండకు తెచ్చింది. అబ్రహాం ఫ్రీసెన్ అనే మెన్నోనైట్ బ్రదరన్ యువకుడు హాంబర్గ్ బాప్టిస్టు సెమినరీలో చదివాడు. విదేశాలకు మిషనెరీలను పంపే ఏర్పాటు అప్పటికి తన సంఘానికి లేదు. అమెరికన్ బాప్టిస్టులకు ఉన్నది. 1878 జూలై 3న ఒకే దినాన 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన ఒంగోలు పరిచర్య అప్పటికే లోకమంతా తెలిసిన వార్త. తెలుగు దేశంలో కోత విస్తారము, పనివారు కొద్దిమంది. కనుక ఒక ఒప్పందం జరిగింది: మనుష్యులను, డబ్బును రష్యా సంఘం ఇస్తుంది, పాలన బాప్టిస్టు మిషను చూస్తుంది. ఫ్రీసెన్, ఆయన భార్య మరియ 1889లో ఇండియాకు బయలుదేరి 1890లో నల్గొండలో స్టేషను తెరిచారు. అప్పటికి నల్గొండకు రైలు లేదు, ఎడ్లబండ్లే దిక్కు. తరువాత అదే సంఘం నుండి మరికొందరు వచ్చి నల్గొండతో పాటు సూర్యాపేటలోను, జనగామలోను పని చేశారు. వీరందరూ మనస్సులో మెన్నోనైట్లు, కాగితం మీద బాప్టిస్టు మిషనెరీలు. మన పల్లెల్లో వారు దొరలు, దొరసానులు, అంతే. ఈ తేడా పల్లెలో ఎవరికీ అక్కర లేదు.

అయితే 1870లలో రష్యా ప్రభుత్వం అందరూ సైన్యంలో చేరాలని చట్టం చేయబోతున్నదని తెలిసి వేల కుటుంబాలు అమెరికాకు, కెనడాకు వెళ్ళిపోయాయి. ఈ విధంగా ఒకే సంఘం రెండు ఖండాలలో పడింది. 1890ల చివర ఫ్రీసెన్ అమెరికా వెళ్ళి అక్కడి మెన్నోనైట్ బ్రదరన్ సంఘాలలో నల్గొండ గురించి చెప్పాడు. దాని ఫలితంగా 1899లో ఎన్. ఎన్. హీబర్ట్ దంపతులు, వారితో పాటు ఎలిజబెత్ న్యూఫెల్డ్ ఇండియాకు వచ్చారు. ఫ్రీసెన్ ఆశించినది బహుశా మరింత మంది తోటి పనివారిని. కాని అమెరికా వారు బాప్టిస్టుల కింద పని చేయడానికి కాక తమకంటూ వేరే ఫీల్డు కావాలని కోరుకున్నారు. అది తప్పని నేననను. సొంత సంఘం ఇచ్చే కానుకతో సొంత పేరున పని చేయాలనుకోవడం సహజమే. హీబర్ట్ జబ్బుపడి త్వరలోనే తిరిగి వెళ్ళినా పని ఆగలేదు. హైదరాబాదు, నాగర్‌కర్నూలు, వనపర్తి, శంషాబాదు, కల్వకుర్తి... ఈ వరుసలోనిదే 1910లో జె. హెచ్. వోత్ దొర తెరిచిన దేవరకొండ స్టేషను.

ఇక్కడే మన పొలిమేర పుట్టింది. నల్గొండ జిల్లాలో నల్గొండ, సూర్యాపేట బాప్టిస్టులవి, దేవరకొండ మెన్నోనైట్ బ్రదరన్ వారిది. ఒక మిషను ఫీల్డులో మరొక మిషను పని చేయరాదన్నది ఆ కాలపు పెద్ద మనుష్యుల ఒప్పందం. రెండు వైపులా మిషనెరీల సంఘం ఒకటే, భాష ఒకటే, ఇంటిపేర్లు కూడా కొన్ని ఒకటే. అవతల ఉన్నది రష్యా నుండి వచ్చిన అన్న అయితే, ఇవతల అమెరికా నుండి వచ్చిన తమ్ముడు. కాన్సస్‌లోను, నెబ్రాస్కాలోను రైతులు చదివే 'సియోన్స్‌బోటె' అనే జర్మను పత్రికలో మన పల్లెల సంగతులు వచ్చేవి. మన మాదిగ పల్లె, మాల పల్లె విశ్వాసులకు మాత్రం తాము ఏ గీతకు ఏ పక్కన పడ్డామన్నది ఉత్తరం కావలసి వచ్చినప్పుడు గాని తెలియలేదు.

ఇటువంటి గీతలు గీసుకోవడం మిషనెరీలు మాట్లాడిన జర్మను భాష దేశంలో కొత్త కాదు. ఆల్ప్స్ పర్వతాల దాపున, ఆస్ట్రియా సరిహద్దుకు దగ్గరలో, బవేరియాలో కెంప్టెన్ అనే ఊరున్నది. సంఘ చరిత్ర విద్యార్థులు ఆ పేరు గుర్తుంచుకోవాలి. 'ప్రొటెస్టెంటు' అన్న మాట పుట్టిన 1529 నాటి స్పేయర్ నిరసనలో చేరిన 14 నగరాలలో అది ఒకటి. ఆ నగర గోడ బయట కతోలిక మఠాధిపతి ఏలుబడిలో వేరే పట్టణం. గోడకు లోపల సెయింట్ మాంగ్ ప్రొటెస్టెంటు గుడి, వెలుపల సెయింట్ లోరెంజ్ కతోలిక గుడి. ముప్పయి సంవత్సరాల యుద్ధంలో 1632లో స్వీడను సైన్యంతో కలిసి నగరం వారు మఠాన్ని నాశనం చేశారు, మరుసటి ఏడు చక్రవర్తి సైన్యం వచ్చి నగరం వారిని చంపింది. 1802-03లో రెండూ బవేరియా రాజ్యం కిందికి వచ్చాక గాని అవి ఒక ఊరు కావడం మొదలు కాలేదు. పిలిస్తే పలికే దూరంలో రెండు ఊళ్ళు దాదాపు మూడు వందల సంవత్సరాలు బ్రతికాయి.

నల్గొండలో రక్తం చిందలేదు, అందుకు దేవునికి స్తోత్రం. కాని కెంప్టెన్ వారికి తమ గోడ ఎందుకు ఉన్నదో తెలుసు. పూజబలి గురించి, కృప గురించి వారు నిజంగా భేదపడ్డారు. మన గోడకు అటువంటి కారణం మన పితరులెవరూ చెప్పలేరు.

ఒక భేదం ఉండవలసినది. బాప్టిస్టులు యుద్ధమును పూర్తిగా నిషేధించరు. మెన్నోనైట్లు చరిత్ర పొడవునా ఇండ్లు వాకిళ్ళు విడిచి తిరిగింది దాని కోసమే. రెండు సంఘాల మధ్య ఏదైనా నిజమైన సిద్ధాంత రేఖ గీయాలంటే అక్కడే గీయాలి. నేను మహబూబ్‌నగర్ జిల్లాలో మెన్నోనైట్ బ్రదరన్ సంఘంలో పెరిగాను. ముంచే బాప్తిస్మము గురించి, సారా గురించి, విగ్రహాల గురించి లెక్కలేనన్ని ప్రసంగాలు విన్నాను. శత్రువు మీద చెయ్యి ఎత్తకూడదన్నది మా సంఘం ప్రత్యేకత అని ఒక్క ప్రసంగంలో కూడా వినలేదు. అది సెమినరీకి వచ్చిన తరువాత పుస్తకాలలో తెలుసుకున్నాను. దూర దేశం నుండి వచ్చిన దొరలు తమకు అత్యంత ఖరీదైన మాటను పెట్టె అడుగున ఉంచి, పై బట్టలు మాత్రం మనకు పంచారని నాకనిపిస్తుంది. ఇది కఠినమైన మాటే. అయినా ఆ మాట మనకు అవసరమైన రోజులు రాకపోలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలి అయిన తరువాత, ఐదేళ్ళ పాటు సాయుధ పోరాటం నడిచింది ఈ నల్గొండ జిల్లాలోనే. ఒకవైపు దొర గడీ, రజాకార్లు, తరువాత సైన్యం. మరొకవైపు వెట్టి చేసిన మన తాతలు. శాంతి సంఘమని లోకమంతా పేరున్న సంఘానికి ఆ రోజులలో అన్యాయమును గూర్చి, ఆయుధమును గూర్చి తన పల్లెలకు చెప్పవలసిన మాట ఉన్నది. వెట్టిని ఊరకే సహించమనే మాట కాదు అది, అంతకంటె కష్టమైనది. 1919లో రష్యాలోని మెన్నోనైట్ పల్లెల మీద దోపిడి దండ్లు పడినప్పుడు ఈ ప్రశ్న వారినే చీల్చింది. కొందరు యువకులు తుపాకులు పట్టారు కూడా.

ఆ దండ్లతోను, 1917 విప్లవంతోను, 1921-22 కరువుతోను రష్యా నుండి నల్గొండకు వచ్చే కానుక ఆగిపోయింది. ముప్పయ్యేళ్ళు మన పల్లెలకు పంపినవారు ఇప్పుడు అమెరికా నుండి వచ్చే రొట్టెల కోసం వరుసలో నిలుచున్నారు. నల్గొండ ఫీల్డు పూర్తిగా బాప్టిస్టుల చేతిలో నిలిచింది. ఫ్రీసెన్ నాటిన సంఘాలకు మెన్నో పేరు కూడా తెలియకుండా పోయింది.

పొలిమేర ఎంత సులువుగా జరుగుతుందో మహబూబ్‌నగర్ చెబుతుంది. పాలమూరులో బాప్టిస్టు స్టేషను 1885లో మొదలైనది, నల్గొండ కంటె ముందే. 1937లో అమెరికన్ బాప్టిస్టులు మహబూబ్‌నగర్, గద్వాల స్టేషనులను మెన్నోనైట్ బ్రదరన్ మిషనుకు అప్పగించారు. యాభై రెండేళ్ళు బాప్టిస్టులుగా ఉన్న విశ్వాసులు ఒక ఒప్పందంతో మెన్నోనైట్లయ్యారు. మా తాత ఆ విశ్వాసులలో ఒకడు. తాను పడుకున్నప్పుడు ఒక సంఘం, లేచినప్పుడు మరొక సంఘం అని నవ్వుతూ చెప్పేవాడని మా నాన్న అనేవారు. బడి అదే, గుడి అదే, పాటల పుస్తకం అదే. ఆ నవ్వులో కొంచెం చేదు ఉన్నదని నాకు ఈ మధ్యనే అర్థమైంది. పొలిమేర రాయిని జరుపకూడదని ధర్మశాస్త్రం చెబుతుంది (ద్వితీ. 19:14). రాయిని జరుపకుండా మనుష్యులనే జరిపితే ఏమని అనాలి?

మిషనెరీలు వెళ్ళిపోయిన తరువాత ఈ గీతను మనం చెరిపి ఉండవచ్చు. అలా జరగలేదు. ఆస్తులు, పదవులు, కోర్టు వ్యాజ్యాలు దాని మీద పేరుకున్నాయి. వాటి గురించి చదువరులకు నాకంటె ఎక్కువ తెలుసు, ఇక్కడ వ్రాయను.

ఆ వేసవిలో మేము వెళ్ళిన పల్లెలో సంఘ పెద్ద ఒక రేకుల పెట్టె తీసి పాత రిజిస్టరు చూపించారు. సభ్యుని పేరు, ఊరు, తండ్రి లేక భర్త పేరు, 'చేరిన విధము'. ఆ చివరి గడిలో ఎక్కువగా 'బాప్తిస్మము' అని ఉన్నది, అక్కడక్కడ 'ఉత్తరము' అని. ఉత్తరము వద్ద ఉన్నవన్నీ దాదాపు కోడళ్ళ పేర్లే. నల్గొండ వైపు బాప్టిస్టు ఊళ్ళ నుండి వచ్చినవారు. మా విద్యార్థి ఒక్కొక్క పేరు నోటుబుక్కులో ఎక్కించుకుంటున్నాడు. అతనికీ ఆ ఏడే పెండ్లి కుదిరింది, మేనమామ కూతురితో, వాళ్ళ అమ్మగారి ఊరి నుండి. పిల్ల అక్కడ బాప్తిస్మం తీసుకున్నది, ఇక్కడ మళ్ళీ తీసుకోవాలా అని అతడు పెద్దాయనను అడిగాడు.

"ఎందుకు నాయినా, ఉత్తరం తెస్తే చాలు" అన్నారాయన. తరువాత రిజిస్టరును తన వైపు తిప్పుకొని వేలితో ఒక పేరు చూపించారు. "ఇది మీ అమ్మ."

ఆ పేరు ఎదుటి గడిలో 'ఉత్తరము' అని ఉన్నది.