పెయింట్ జాబ్
కారుకు కొత్త రంగు కొట్టించడాన్ని ఇంగ్లీషులో పెయింట్ జాబ్ అంటారు. టెన్నిస్‌లో ఆ మాటకు కొంటె అర్థం అబ్బింది: ఆటగాడి పాత రాకెట్‌కు ఈ ఏటి మోడల్ రంగులు పూయడం. ఆండీ మర్రే ఆడిన రోజుల్లో అతని చేతిలో కనిపించింది హెడ్ కంపెనీ రాడికల్. రంగు కింద చాలాకాలం ఉన్నది పీటీ57ఏ, అంటే పాత ప్రో టూర్ 630 అచ్చులోంచి వచ్చిన ఫ్రేమ్. జొకోవిచ్ రాకెట్ మీద కనిపించే రంగులు హెడ్ స్పీడ్ ప్రోవి. దుకాణంలో దొరికే స్పీడ్ ప్రోకు స్ట్రింగులు నిలువు 18, అడ్డం 20. జొకోవిచ్ రాకెట్‌కేమో అడ్డం 19. ఓపికగా లెక్కపెట్టే అభిమానికి ఫొటోలోనే గుట్టు దొరికిపోతుంది. పైన పటారమే గాని లోన లొటారం కాదు లెండి. చేతికి అలవాటైన బరువు, తూకం మార్చుకోవడానికి ఏ ఆటగాడూ తొందరపడడు. కంపెనీకేమో కొత్త మోడల్ అమ్ముడుపోవాలి. రంగు కిందున్న అసలు సరుకు పేరు ‘ప్రో స్టాక్’. మామూలు దుకాణాల్లో అది దొరకదు.