వయసు అర్హతగా మారిన వైనం: డిజిటల్ యువత పరిశోధనలో విద్యార్థి ఇంటర్న్‌లు

పిల్లలు, యువకులు సాంకేతికతను ఎలా వాడుకుంటారో తెలుసుకునే పరిశోధనలో అమెరికా కళాశాల విద్యార్థికి ఇంటర్న్‌గా, అంటే చదువుకుంటూనే కొంతకాలం ఒక సంస్థలో పనిచేసి పని నేర్చుకునే వ్యక్తిగా, స్థిరమైన చోటు దొరకడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. 1967లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జ్‌లో వాలీ ఫ్యూర్జీగ్, సీమోర్ పాపెర్ట్, సింథియా సాలమన్ పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించారు. ఆ తరువాతి విద్యాసంవత్సరాల్లో దానిని లెక్సింగ్టన్‌లోని ఒక పాఠశాలలో ఏడో తరగతి పిల్లలకు నేర్పినప్పుడు, కంప్యూటర్‌తో ఆలోచించినది పిల్లలే అయినా, వారిని గమనించి ఫలితాలను నమోదు చేసినది మాత్రం పెద్దలే.

ఈ దూరాన్ని తగ్గించిన తొలి ఏర్పాట్లలో ఒకటి 1969లో కేంబ్రిడ్జ్‌లోనే ఉన్న ఎంఐటీలో భౌతికశాస్త్రవేత్త మార్గరెట్ మెక్‌వికార్ ప్రారంభించిన యూరాప్ అనే పథకం. పట్టభద్రులు కాని విద్యార్థులు ఆచార్యుల ప్రయోగశాలల్లో అసలైన పరిశోధనలో పాల్గొని, అందుకు కోర్సు క్రెడిట్లో, వేతనమో పొందవచ్చునన్నది దాని సారాంశం. ఆ నియమం అప్పట్లో చిన్న పరిపాలనా సౌకర్యంగా కనిపించి ఉండవచ్చు గాని, విద్యార్థిని తరగతి గది నుంచి తప్పించి పరిశోధకుడి పక్కన కూర్చోబెట్టినది అదే. 1993లో బోస్టన్‌లోని కంప్యూటర్ మ్యూజియంలో, ఎంఐటీ మీడియా ల్యాబ్ తోడ్పాటుతో వెలసిన బడి తర్వాతి అభ్యసన కేంద్రం కంప్యూటర్ క్లబ్‌హౌస్, పక్కన ఉండి పని నేర్చుకునే ఈ పద్ధతిని ఆదాయం తక్కువగా ఉన్న కుటుంబాల పిల్లల వైపు తిప్పింది.

అసలు మలుపు 2006లో వచ్చింది. దాతృత్వ సంస్థ మెక్‌ఆర్థర్ ఫౌండేషన్ డిజిటల్ మాధ్యమాలు, అభ్యసనం అనే రంగానికి ఐదేళ్లలో 5 కోట్ల డాలర్లు కేటాయిస్తున్నట్లు ప్రకటించగా, ఆ సంస్థ నిధులతో సాగిన మానవశాస్త్రవేత్త మిజుకో ఇటో బృందపు మూడేళ్ల అధ్యయనం 800 మందికి పైగా యువతను ఇంటర్వ్యూ చేసి 2008లో ఫలితాలను వెలువరించింది. ఆ ఏడాదే హార్వర్డ్‌లోని బెర్క్‌మన్ కేంద్రానికి చెందిన జాన్ పాల్ఫ్రీ, ఉర్స్ గాసర్ డిజిటల్ తరంపై రాసిన బోర్న్ డిజిటల్ గ్రంథం వచ్చింది. ఆ గ్రంథంతో ముడిపడిన పరిశోధన ప్రాజెక్టులో వేసవి ఇంటర్న్‌లు పుస్తకంలోని విషయాలను చిన్న చిన్న వీడియోలుగా కూడా మలిచారు. ఇలాంటి ప్రాజెక్టుల్లో ఇంటర్న్ చేసే పని చాలావరకు బయటికి కనిపించేది కాదు: ఇంటర్వ్యూల ధ్వనిముద్రణను రాతలోకి దించడం, ఆ రాతలో పదేపదే వచ్చే విషయాలకు పేర్లు పెట్టి వేరు చేయడం (పరిశోధకులు దీన్ని కోడింగ్ అంటారు), ఉపాధ్యాయులకు పాఠ్య సామగ్రి తయారు చేయడం. ఆ పని చేపట్టే ముందు మనుషులపై జరిగే పరిశోధనలకు సంబంధించిన నీతి నియమాల శిక్షణ తీసుకోవాలి. 1974 నాటి జాతీయ పరిశోధన చట్టం తరువాత విశ్వవిద్యాలయాల్లో ఏర్పడిన సమీక్షా మండళ్లు, మైనర్ల విషయంలో తల్లిదండ్రుల అనుమతితో పాటు పిల్లల సొంత సమ్మతినీ సాధారణంగా కోరతాయి.

ఇంటర్న్‌కు ఇక్కడ ప్రత్యేక విలువ వయసు వల్ల వచ్చింది. తాను అధ్యయనం చేస్తున్న యాసను, ఎగతాళిని, చాటింగ్ మర్యాదను అయిదారేళ్ల క్రితమే అనుభవించిన ఇరవై ఏళ్ల విద్యార్థి, ప్రొఫెసర్‌కు వింతగా తోచే వాక్యాన్ని సులువుగా చదవగలడు. అయితే వయసు దగ్గరైనంత మాత్రాన జీవితాలు దగ్గర కావు. ఇంటర్న్‌షిప్ జీతం లేనిదైతే, వేసవి అంతా అలా గడపగలిగేది ఇంట్లో డబ్బున్న పిల్లలే కనుక, పేద యువతను అర్థం చేసుకోవడానికి సంపన్న యువతను నియమించుకునే పద్ధతి పరిశోధనలోనే ఒక లోపం. ఈ లోపానికి నియమాల అడ్డు కూడా తక్కువే: అమెరికా కార్మిక శాఖ 2018లో సవరించిన ఇంటర్న్‌షిప్ మార్గదర్శకం లాభాపేక్షగల సంస్థలను ఉద్దేశించినదే. లాభాపేక్షలేని ధార్మిక సంస్థల్లో స్వచ్ఛందంగా చేసే జీతంలేని ఇంటర్న్‌షిప్‌లను అది సాధారణంగా అనుమతించదగినవిగానే పేర్కొంది.