కుక్కపిల్లకు ఆపరేషన్ ఏ వయసులో? బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో జాతితోపాటు ప్రహరీ గోడనూ లెక్కించాలి

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో కుక్కపిల్లను తెచ్చుకున్న కుటుంబానికి కొద్ది నెలల్లోనే ఒక ప్రశ్న ఎదురవుతుంది. సంతాన నియంత్రణ శస్త్రచికిత్స ఇప్పుడే చేయించాలా, ఏడాది నిండాక చేయించాలా? వీధికుక్క సంతతికి చెందిన ఆడపిల్ల అయితే మొదటిసారి ఎదకు రాకముందే, అంటే 5-6 నెలల మధ్య చేయించడం మేలు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి పెద్ద జాతులకు మాత్రం తొందరపడకూడదు. ఈ తేడా ఎందుకో తెలియాలంటే అసలు ఆ శస్త్రచికిత్సలో ఏం చేస్తారో తెలియాలి.

ఇక్కడ పదాలే కొంత తికమక పెడతాయి. స్థానికంగా హిందీలో దీన్ని 'నస్‌బందీ' అంటారు. తెలుగు పత్రికలు మనుషులకు వాడే 'కు.ని. ఆపరేషన్' అనే మాటనే కుక్కలకూ వాడుతున్నాయి. మనుషుల్లో నాళాన్ని మూసివేస్తారు, హార్మోన్లు యథాతథంగా కొనసాగుతాయి. కుక్కల్లో జరిగేది అది కాదు. మగకుక్కకు వృషణాలను, ఆడకుక్కకు అండాశయాలను, సాధారణంగా వాటితోపాటు గర్భాశయాన్ని కూడా తొలగిస్తారు. లైంగిక హార్మోన్ల ప్రధాన మూలమే పోతుంది. కాళ్ల ఎముకల చివర ఉండే మృదులాస్థి పలకలు సకాలంలో గట్టిపడి పెరుగుదల ఆగడానికి ఆ హార్మోన్లు అవసరం. అవి ముందుగానే లేకుండాపోతే ఎముకలు ఉండాల్సినదానికంటే కొంత పొడవుగా పెరుగుతాయి. బరువైన జాతుల్లో ఆ తేడా కీళ్లపై పడే అవకాశం ఉంది.

అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణ పరిశోధకులు 2013 నుంచి దీన్ని జాతులవారీగా పరిశీలిస్తూ వచ్చారు. వారు 2016లో ప్రచురించిన జర్మన్ షెపర్డ్‌ల అధ్యయనంలో శస్త్రచికిత్స జరగని మగకుక్కల్లో 7 శాతానికి కీళ్ల వ్యాధులు కనిపించగా, ఏడాదిలోపు శస్త్రచికిత్స జరిగినవాటిలో అది 21 శాతానికి చేరింది. 35 జాతులపై 2020లో వెలువడిన అధ్యయనంలో చిన్న జాతుల్లో కీళ్లకు సంబంధించి ఇలాంటి పెరుగుదల కనిపించలేదు. అమెరికన్ యానిమల్ హాస్పిటల్ అసోసియేషన్ 2019 మార్గదర్శకాలు దాదాపు 20 కిలోలను హద్దుగా తీసుకున్నాయి. పెద్దయ్యాక అంతకంటే తక్కువ బరువుండే మగపిల్లకు 6 నెలలకు, ఆడపిల్లకు తొలి ఎదకు ముందు చేయించవచ్చు. అంతకుమించి పెరిగే మగకుక్కకు ఎదుగుదల ఆగాక, అంటే 9-15 నెలల మధ్య చేయించాలి. పెద్ద జాతి ఆడకుక్క విషయంలో ఈ మార్గదర్శకాలు 5 నుంచి 15 నెలల వరకు విస్తృతమైన వ్యవధి ఇచ్చి, నిర్ణయాన్ని వైద్యునికి, యజమానికి వదిలేశాయి. కాలనీల్లో ఎక్కువగా పెంచుకునే దేశీ కుక్కలు చాలావరకు 20 కిలోల హద్దుకు లోపలో, దగ్గరలోనో ఉంటాయి.

ఆడకుక్క విషయంలో తరచూ వినిపించే వాదన రొమ్ము కణితులది. తొలి ఎదకు ముందే శస్త్రచికిత్స జరిగితే, అసలు జరగని కుక్కలతో పోలిస్తే ఆ ముప్పు 0.5 శాతానికి, ఒక ఎద తరువాత అయితే 8 శాతానికి, రెండు ఎదల తరువాత అయితే 26 శాతానికి పరిమితమవుతుందని 1969 నాటి అధ్యయనం పేర్కొంది. ఈ అంకెలు నేటికీ క్లినిక్‌లలో వినిపిస్తాయి. అయితే ఈ అంశంపై వెలువడిన అధ్యయనాలను 2012లో సమీక్షించిన పరిశోధకులు ఆ ఆధారాలు బలహీనమైనవని తేల్చారు. అంతకంటే గట్టి కారణం గర్భాశయంలో చీము చేరే పయోమెట్రా. స్వీడన్ బీమా గణాంకాల ప్రకారం శస్త్రచికిత్స జరగని ఆడకుక్కల్లో దాదాపు నాలుగింట ఒక వంతు పదేళ్ల వయసులోపే దీని బారిన పడ్డాయి. సకాలంలో గుర్తించకపోతే ఇది ప్రాణాంతకం.

వైద్య గ్రంథాలు పెద్దగా చర్చించని మరో అంశం ప్రహరీ గోడ. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు బిలాస్‌పూర్‌లో స్థిరపడుతూ వచ్చాయి. 2003లో ఈ నగరం ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ప్రధాన కేంద్రమైంది. పాత క్వార్టర్లలో పెరడు ఉంటుంది, గేటు ఉంటుంది, గేటు కింద సందు కూడా ఉంటుంది. ఆడకుక్క సాధారణంగా 6-12 నెలల మధ్య మొదటిసారి ఎదకు వస్తుంది. అది దాదాపు మూడు వారాలు ఉంటుంది. రక్తస్రావం కనిపించినన్నాళ్లూ జాగ్రత్తగా ఉండి, అది పలచబడగానే 'అయిపోయింది' అనుకుని బయటకు వదలడం తరచూ జరిగే పొరపాటు. నిజానికి గర్భం నిలిచే రోజులు సాధారణంగా అప్పుడే మొదలవుతాయి. దాదాపు 63 రోజులకు పిల్లలు పుడతాయి. లైంగిక సంపర్కం ద్వారా వ్యాపించే కణితులు కూడా మన వీధికుక్కల్లో సాధారణమే. కాబట్టి పెద్ద జాతి ఆడపిల్లకు ఏడాది దాకా ఆగాలనుకునేవారు ముందుగా ఒక ప్రశ్న వేసుకోవాలి: మూడు వారాలపాటు దాన్ని ఇంట్లోనే కట్టడి చేయగలమా? ఇద్దరూ షిఫ్టు డ్యూటీలకు వెళ్లే ఇంట్లో ఇది తేలిక కాదు. చేయలేమనుకుంటే కీళ్ల ముప్పు సంగతి వైద్యునితో మాట్లాడి, తొలి ఎదకు ముందే చేయించడం సబబు.

తేదీ ఖరారు చేసే ముందు టీకాలు, నట్టల నివారణ పూర్తికావాలి. మూడు నెలల వయసులో రేబిస్ టీకా తప్పనిసరి. పిడుదులు ఎక్కువగా ఉన్న పెరట్లో పెరిగిన పిల్లకు రక్త పరీక్ష చేయించకుండా ఆపరేషన్ బల్ల ఎక్కించడం ప్రమాదకరం. పిడుదుల ద్వారా సోకే ఎర్లికియా వ్యాధిలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. పైకి హుషారుగా కనిపించే కుక్కకు కూడా శస్త్రచికిత్స సమయంలో రక్తస్రావం ఆగకపోవచ్చు. ఎదలో ఉన్నప్పుడు ఆ భాగాలకు రక్తప్రసరణ ఎక్కువ గనుక అది ముగిశాక రెండు మూడు నెలలు ఆగమని వైద్యులు చెబుతారు. ఎన్ని గంటలు ఆకలితో ఉంచాలో కూడా వైద్యుణ్నే అడగాలి. పెద్ద కుక్కను ఉంచినట్లు చిన్నపిల్లను రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంచితే రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది.

శస్త్రచికిత్స తరువాత కుట్లు నాకకుండా మెడకు కాలర్ కట్టాలి, 10-14 రోజులు పరుగులు మాన్పించాలి. వానాకాలంలో తడి పెరట్లో కాక పొడి నేలపై పడుకోబెట్టాలి. తరువాతి నెలల్లో ఆహారం కొంత తగ్గించకపోతే కుక్క లావెక్కుతుంది.

పెంపుడు కుక్కల సంతాన నియంత్రణ, టీకాలు, లైసెన్సు యజమాని బాధ్యతేనని కేంద్రం 2001లోనే నిబంధనల్లో పేర్కొంది. వాటి స్థానంలో 2023లో కొత్త జంతు జనన నియంత్రణ నిబంధనలు వచ్చాయి. రైల్వే ఊళ్లలో ఈ బాధ్యత తరచూ బదిలీ ఉత్తర్వుతో తెగిపోతుంది. క్వార్టర్ ఖాళీ అవుతుంది, కుక్క గేటు బయట మిగిలిపోతుంది. శస్త్రచికిత్స జరగని ఆడకుక్క అయితే వెంట పిల్లలూ మిగులుతాయి, స్టేషన్ పరిసరాలకు చేరుతాయి. రైల్వే స్టేషన్లు, బస్టాండ్లు, ఆసుపత్రులు, విద్యాసంస్థల ఆవరణల్లోని వీధికుక్కలకు శస్త్రచికిత్స, టీకా చేయించి ఆశ్రయాలకు తరలించాలని, తిరిగి అక్కడే వదలరాదని సుప్రీంకోర్టు 2025 నవంబర్ 7న ఆదేశించింది. బదిలీపై వెళ్లేవారు కుక్కను రైలులోనే వెంట తీసుకెళ్లవచ్చు. ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం తమ పేరిట ఉంటే అందులో, లేదంటే రుసుము చెల్లించి బ్రేక్ వ్యాన్‌లోని కుక్కల పెట్టెలో ప్రయాణానికి రైల్వే నిబంధనలు అనుమతిస్తాయి.