వాగు నాలాయైన వైనము

హైదరాబాదు నగరమున కొన్ని పేటల పేర్లను నీటివాసన నేటికిని వీడలేదు. నల్లకుంటలో కుంట లేదు. గోల్కొండ రాణి హయాత్ బక్షీ బేగమునకుగల ‘మా సాహెబా’ యను గౌరవనామమును మోయుచున్న మాసబ్ ట్యాంకులో చెరువు లేదు. పేరు మిగిలి నీరు పోయిన ఇట్టి పేటల నడుమ, గోడల సందులలో నల్లగా పారుచున్నదానిని మనము నాలా యనుచున్నాము. ఉర్దూలో ఆ మాటకు వాగనియు అర్థము కలదు. తెలుగునోట పడిన పిదప అది మురుగుకాలువకే రూఢియైనది. పేరుతోపాటు మన వర్తనయు మారినదని నాకు తోచును. వాగునకు గట్టు కావలెను, గట్టునకు చెట్టు కావలెను. మురుగుకాలువకు మూత చాలును.

అనంతగిరి కొండలలో పుట్టి, నగరము నడుమనుండి సాగి, వాడపల్లివద్ద కృష్ణలో కలియు మూసీనది ప్రాచీనుల నోట ముచుకుంద. దాని పరీవాహకము చాలవరకు రాతినేల. బండపై మట్టిపొర పలుచన. అట్టి నేలపై పెద్దవాన కురిసినచో నీరు ఇంకుటకు తావు చాలక జారి, ఒక్కపూటలో నదిని ముంచెత్తును. ఈ స్వభావమెరిగిన పూర్వులు వానతో పోరాడక, దాని నడకను మందగింపజేసిరి. పల్లమునకొక కట్ట, కట్టకొక మత్తడి. మీది చెరువు నిండి పొర్లిన నీరు వాగువెంట దిగి క్రింది చెరువును చేరును, అదియు నిండిన పిదప మరియొకదానిని వెదకికొనును. పదునారవ శతాబ్దమున ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున వెలసిన హుస్సేన్‌సాగరమునకు బుల్కాపూరు కాలువ నీరు తెచ్చెడిది; ఆ సాగరపు అలుగునీరు తిరిగి మూసీనే చేరెడిది.

మత్తడి దుముకునప్పుడు చెరువును దగ్గరనుండి చూచినవారికి ఈ యేర్పాటులోని సొగసు తెలియును. పాచిపట్టిన రాళ్లమీదుగా నీరు పలుచని తెరవలె జారును; ఎదురీదు చేపపిల్లలు ఆ తెరలో తళుక్కుమనును. దిగువ వాగులో తుంగ మొదలంట వంగి, ఉరవడి తగ్గినంతనే మరల లేచి నిలుచును. ఆ లోపల దాని వేళ్లచుట్టు ఇసుకయు ఒండ్రును మెత్తగా పేరుకొనును. గట్టున వావిలిపొదలు, ఈతచెట్లు మట్టిని పట్టి నిలుపును. వేసవిలో చెరువెండగా రైతులు పూడికమట్టిని బండ్లకెత్తి పొలములకు తోలుకొనిపోయెడివారు. చెరువునకు లోతు, చేనికి బలము. తూము నెత్తుటకు దించుటకు నీరటికాడుండెడివాడు. వాననీటి నిర్వహణమని నేడు మనము గంభీరముగా పలుకునది, నాడు వాని దినచర్య.

అయినను ఈ చెరువుల గొలుసు అభేద్యమని చెప్పుట సత్యము కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచెను. మృతులు సుమారు 15,000 మందియని అంచనా. అఫ్జల్‌గంజ్ తోటలోని ఒక చింతచెట్టు కొమ్మలను పట్టుకొని సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ వృక్షము నేటికిని నిలిచియున్నది. దాని నీడన నిలిచినప్పుడెల్ల, ఆనాడు కొమ్మను వదలక పట్టిన చేతులు నాకు తలపునకు వచ్చును. 1909లో నిజాము ప్రభుత్వపు ఆహ్వానముపై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పరిశీలింపగా, నదీ పరీవాహకమున 788 చెరువులుండెననియు, వానిలో 221 వరదకు తెగెననియు తేలెను. మీది కట్ట తెగినప్పుడు ఆ నీటిబరువు క్రిందిదానిపై పడును. గొలుసునకుగల గుణమే ఆనాడు దోషమాయెను.

విశ్వేశ్వరయ్య సూచించిన జలాశయములు ఉస్మాన్‌సాగరముగా, హిమాయత్‌సాగరముగా 1920, 1927 సంవత్సరములలో సిద్ధించెను. ఆయన నదీతీరమున ఉద్యానములను, నగరమునకు మురుగుపారుదల వ్యవస్థను కూడ కోరెను. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ చేతిలో తీరము కొంత శోభను సంతరించుకొనెను. ఆ మహనీయుని కృషికి నమస్కరించుచునే ఒక మాట చెప్పవలెను: పెద్ద కట్టలు ఇచ్చిన ధైర్యమున నగరము చిన్న కుంటలను మరచెను. చెరువుగర్భములైన శిఖము భూములలో ఇండ్లు లేచెను. వాగుల వంపులు సరిచేయబడి, ఇరువైపుల సిమెంటుగోడలు నిలిచెను. నీరు వేగముగా పోవుటయే మేలని తలచితిమి. గోడల నడుమ వేగము హెచ్చిన నీరు దిగువ బస్తీలపై విరుచుకొనిపడునని తలపలేదు. 2020 అక్టోబరు వానలలో ఆ బస్తీలవారు దానిని గుమ్మములలోనే చూచిరి.

ఆ జంటజలాశయముల చుట్టు 10 కిలోమీటర్ల మేర 84 గ్రామములలో నిర్మాణములను కట్టడిచేసిన 1996 నాటి 111వ ఉత్తర్వునకు మూలభావము, మట్టి మట్టిగా నుండవలెనన్నదే. ఆ భావము జలాశయముల యెగువనే ఆగనక్కరలేదు. ఇంటి కప్పునీటిని వీధికాలువలోనికి తోయక పెరటిపల్లములో ఇంకనిచ్చుట, పార్కును రోడ్డుకన్న కొంత పల్లముగా నుంచుట, నాలాగట్టున గరికకు, వావిలికి రెండుబారల నేల విడుచుట దాని వీధిరూపములే.

2025లో అంబర్‌పేటలో బతుకమ్మకుంటను పునరుద్ధరింప బూని త్రవ్వగా, చెత్తయు మట్టియు కప్పిన ఆ నేలలో కొద్ది అడుగుల లోతుననే నీరు ఊరెను.