వెనుక దంతాలపై సెరామిక్ వెనీర్లు

సెరామిక్ వెనీర్ అనగా పంటి ఉపరితలంపై అతికించే పలుచని సెరామిక్ పొర. ముందు పళ్ళ అందం కొరకు మొదలైన ఈ విధానం, తరువాతి కాలంలో అరిగిపోయిన వెనుక దంతాలను పూరించడానికి కూడా ఉపయోగపడుతున్నది. వెనుక దంతాలను వాడుకలో దవడ పళ్ళు అని, శాస్త్ర పరిభాషలో అగ్రచర్వణకాలు, చర్వణకాలు అని అంటారు. వీటి నమిలే తలంపై అమర్చే పొరను ఆక్లూజల్ వెనీర్ అంటారు. దీని మన్నిక సెరామిక్ గట్టిదనంపై మాత్రమే కాక, కింద మిగిలి ఉన్న ఎనామిల్‌పైన, ఆ రెండింటి మధ్య అతుకుపైన ఆధారపడి ఉంటుంది. అందుచేత ఫ్లోరైడు వలన ఎనామిల్ దెబ్బతిన్న ప్రాంతాలలో దీని ఎంపికకు ప్రత్యేక పరిశీలన అవసరం.

తెలుగు పాఠ్యపుస్తకాలలో ఎనామిల్‌ను పింగాణి పొర అని పేర్కొంటారు. సెరామిక్‌ను కూడా పింగాణి అనడం వాడుకలో ఉంది. తికమక కలగకుండా ఈ వ్యాసంలో పంటి సహజమైన పై పొరను ఎనామిల్ అని, అతికించే పొరను సెరామిక్ అని వ్యవహరించడమైనది.

చరిత్ర

1930లలో కాలిఫోర్నియాకు చెందిన దంతవైద్యుడు చార్లెస్ పింకస్ సినిమా నటుల ముందు పళ్ళపై తాత్కాలికంగా నిలిచే పొరలు అమర్చాడు. చిత్రీకరణ పూర్తికాగానే వాటిని తీసివేసేవారు. 1955లో మైకేల్ బ్యూనొకోర్ ఫాస్ఫారిక్ ఆమ్లంతో ఎనామిల్‌ను గరుకుగా చేస్తే రెసిన్ దానికి గట్టిగా పట్టుకుంటుందని చూపాడు. 1983లో సిమన్‌సెన్, కలామియా అనే పరిశోధకులు సెరామిక్ లోపలి తలాన్ని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో గరుకు చేసి అతికించే పద్ధతిని వివరించారు. ఈ రెండు ఆవిష్కరణల వలన శాశ్వత వెనీర్లు సాధ్యమైనవి. 2005 తరువాత లిథియం డైసిలికేట్ సెరామిక్ వాడకం పెరగడంతో పలుచని పొరలు వెనుక దంతాలకూ విస్తరించినవి.

దవడ పళ్ళపై ఒత్తిడి

ఆరోగ్యవంతులైన పెద్దవారు మొదటి చర్వణకంతో గరిష్ఠంగా కొరికినపుడు సుమారు 500 నుండి 700 న్యూటన్ల బలం పడుతుంది. ఇది 50 నుండి 70 కిలోల బరువుతో సమానం. మామూలుగా నమిలేటపుడు పడే బలం ఇందులో కొద్ది భాగమే. అయితే వక్కలు, గట్టి సకినాలు వంటివి కొరికినపుడు ఆ బలమంతా ఒక చిన్న బిందువుపై పడుతుంది. నిద్రలో పళ్ళు కొరికే అలవాటు ఉన్నవారిలో అధిక ఒత్తిడి పదేపదే కలుగుతుంది.

బలానికి ఆధారం

పిల్లలు వ్రాసుకునే పలకను రెండు ఇటుకలపై ఆనించి నడుమ నొక్కితే విరిగిపోతుంది. అదే పలకను చదునైన బండపై పరచి నొక్కితే విరగదు. సెరామిక్ కూడా నొక్కుడును బాగా తట్టుకుంటుంది కాని, వంగుడును తట్టుకోలేదు. కింద గట్టి ఆధారం ఉంటే అది వంగదు. ఎనామిల్ స్థితిస్థాపక గుణకం సుమారు 80 గిగాపాస్కల్‌లు కాగా, దాని కిందనున్న డెంటిన్‌కు అది 20 లోపే. కనుక ఎనామిల్‌పై అతికిన పొర, డెంటిన్‌పై అతికిన పొర కంటే ఎక్కువ భారం మోయగలదు. ఎనామిల్‌కు అతుకు కూడా గట్టిగా కుదురుతుంది.

పదార్థాలు, మందం

ఫెల్డ్‌స్పార్ సెరామిక్ వంపు బలం సుమారు 60 నుండి 100 మెగాపాస్కల్‌లు, లిథియం డైసిలికేట్‌ది 360 నుండి 400 వరకు ఉంటుంది. జిర్కోనియా దాదాపు 1000 వరకు చేరుతుంది. కాని గాజు అంశం లేనందున హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో దానిని గరుకు చేయలేరు. అతికించడానికి వేరే పద్ధతులు కావాలి.

ఒక పలక వంగి విరగడానికి కావలసిన బలం దాని మందం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అనగా మందం సగమైతే బలం నాలుగో వంతుకు తగ్గుతుంది. ఈ కారణంగా వెనుక దంతాలపై సాధారణంగా 1 మిల్లీమీటరు లేదా అంతకు మించిన మందం ఉంచుతారు. 2011లో ప్రచురితమైన ఒక ప్రయోగశాల అధ్యయనంలో 0.6 మిల్లీమీటర్ల సెరామిక్ పొరల కంటే, అంతే మందం గల మిశ్రమ రెసిన్ పొరలు పదేపదే కలిగించిన ఒత్తిడిని మెరుగుగా తట్టుకున్నవి.

ఫ్లోరైడు ప్రాంతాలలో

1937లో నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుండి వెలువడిన నివేదికతో భారతదేశంలో ఫ్లోరోసిస్ వెలుగులోకి వచ్చింది. తెలంగాణలో పాత నల్లగొండ జిల్లా ఇందుకు ప్రసిద్ధి. దానిని ఆనుకొని ఉన్న జనగామ, 2016లో ప్రధానంగా పాత వరంగల్ జిల్లా నుండి ఏర్పడిన జిల్లా. ఇది గ్రానైటు శిలల మెట్ట ప్రాంతం. ఇటువంటి శిలలలోని ఖనిజాల నుండి ఫ్లోరైడు బోరు నీటిలోనికి చేరుతుంది. మహబూబాబాద్‌లోనూ గట్టి శిలలే అధికం. భూపాలపల్లి వైపు గోదావరి లోయలో బొగ్గు గనులు, ఇసుకరాతి పొరలు ఉన్నవి. కనుక నీటి స్వభావం ఊరూరికీ మారుతుంది. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్నది భారత ప్రమాణం.

పళ్ళు రూపొందే వయస్సులో, అనగా సుమారు ఎనిమిదేళ్ళ లోపు తాగిన నీటి ప్రభావం ఎనామిల్‌పై జీవితాంతం నిలుస్తుంది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా నదీ జలాలు అందినా, అంతకు ముందే పెరిగి పెద్దవారైన వారి పళ్ళలో మార్పు రాదు. ఫ్లోరోసిస్ సోకిన ఎనామిల్ పై పొర ఆమ్లానికి సులువుగా లొంగదు, లోపలి భాగం గుల్లగా ఉంటుంది. అందువలన ఆమ్లాన్ని ఎక్కువసేపు ఉంచడం, లేదా పై పొరను స్వల్పంగా అరగదీయడం చేస్తారు. తీవ్రమైన ఫ్లోరోసిస్‌లో ఎనామిల్ పెచ్చులుగా ఊడిపోతుంది. అట్టి పంటిపై పలుచని పొర నిలవడం కష్టం.

పరిమితులు, జాగ్రత్తలు

పొర పగలడం, అంచు చిట్లడం, ఊడిపోవడం ప్రధాన వైఫల్యాలు. పూర్తి తొడుగు అమర్చడానికి పంటిని చుట్టూ ఎక్కువగా అరగదీయవలసి ఉండగా, వెనీర్‌కు చాలా తక్కువ సరిపోతుంది. ఇదే దీని ముఖ్య ప్రయోజనం. అయితే ఒకసారి అరగదీసిన ఎనామిల్ తిరిగి పెరగదు. కేవలం మచ్చలు కనబడుతున్నాయని దవడ పళ్ళకు వెనీర్లు వేయించుకోవలసిన అవసరం సాధారణంగా ఉండదు. పంటిలో మిగిలిన ఎనామిల్ ఎంత, రాత్రి పళ్ళు కొరికే అలవాటు ఉన్నదా, ఎదుటి పళ్ళ స్థితి ఏమిటి అన్నవి వైద్యుడు ముందుగా పరిశీలించాలి. పళ్ళు కొరికేవారికి రాత్రి ధరించే రక్షణ తొడుగును సూచిస్తారు. ఎనామిల్ చాలినంత లేనిచోట మిశ్రమ రెసిన్‌తో పూరించడం గాని, పూర్తి తొడుగు గాని అనుకూలం కావచ్చును.